ఊదా మడి

కొఠారుపాలెంలో తెల్లవారుతూనే ఆడవాళ్ళు చూసేది తూర్పు వైపు కాదు, పదహారో మడి గట్టు మీద కర్రకు బిగించిన డబ్బా వైపు. ఆ డబ్బాలో కరెంటు చూపే ముల్లు ఒకటి ఉంటుంది. సముద్రం మీద వెలుతురు విచ్చుకోగానే అది ఒకసారి ఉలిక్కిపడి, తర్వాత నింపాదిగా పైకి లేస్తుంది. సగం దాటాక గట్టు చివరి రేకుల షెడ్డులో యంత్రం గుర్రుమంటుంది. మరో పది నిమిషాలకు దాని గొట్టంలోంచి మంచినీళ్ళు పడతాయి. అందుకని ముల్లు కదలక ముందే షెడ్డు ముందు బిందెలు బారులు తీరి ఉంటాయి.

ఉప్పు తప్ప ఏమీ పండని ఊరు అది. ముప్పై నాలుగు మళ్ళు, ముప్పై నాలుగు కుటుంబాలు. తాగే నీళ్ళు రెండు రోజులకోసారి ట్యాంకరులో వచ్చేవి, రాకపోతే లేదు. పదహారో మడిని గుంటూరు పరిశోధన సంస్థ వాళ్ళు తీసుకుని, చుట్టూ కంచె వేసి, అడుగున నల్లటి బొగ్గు బట్ట పరిచి, సీసాల్లో తెచ్చిన ఊదారంగు నీళ్ళు పోసి పద్నాలుగు నెలలయింది. అప్పటి నుంచి ట్యాంకరు కోసం ఎదురు చూడటం అందరూ మరిచిపోయారు.

ముల్లు చూసి పుస్తకంలో రాసుకునే అమ్మాయి పేరు సలోమి. మూడో మడి దానమ్మ కూతురు. ఇదే ఊరి బడిలో చదివి, గుంటూరులో పెద్ద చదువు ముగించి, ఆ సంస్థలోనే పరిశోధకురాలిగా చేరింది. వారంలో సగం అక్కడ, సగం ఇక్కడ. మాట తక్కువ మనిషి. గట్టు మీద గంటసేపు కూర్చుని ఒక్క నీటి బుడగని చూస్తుంది గానీ, పలకరిస్తే ఒక్క ముక్కలో జవాబిస్తుంది.

"ఏమే సలోమీ, నీ పురుగులు ఇంకా లేవలేదా? మా కోడలు నయం గదే," అంది ఆ పొద్దున సుగుణమ్మ, బిందె మీద బిందె పెట్టుకుని. నాలుగో మడి ఆమెది.

"మబ్బేసింది అత్తా. లేస్తాయి," అంది సలోమి.

అవి పురుగులు కావు, బాక్టీరియా అని మొదట్లో ఆమె చెప్పి చూసింది. తర్వాత మానేసింది. అవి ఏం చేస్తాయో మాత్రం ఊరందరికీ అర్థమయ్యేలా ఒకసారి చూపించింది. వాళ్ళ నాయన ఇశ్రాయేలునీ అమ్మనీ కాలవకు చెరో పక్క నిలబెట్టి గూడ వేయించింది. తాళ్ళు కట్టిన గూడని ఇద్దరూ ఒక్క ఊపులో ముంచి, ఒక్క ఊపులో ఎత్తి, కాలవ నీళ్ళు మడిలోకి పోశారు. ఈ బాక్టీరియా ఒంటి పొరలో ఇలాంటి గూడలు వేలకు వేలు ఉంటాయని చెప్పింది. అవి ఒక రకం ప్రోటీన్లు. వెలుతురు తగిలిన ప్రతిసారీ ఒక్కో గూడ ఒక్కో ప్రోటాన్‌ని లోపలి నుంచి బయటికి ఎత్తిపోస్తుంది. బయట పోగైనవి మళ్ళీ లోపలికి జారుతూ చేసే పని మీదే ఆ జీవి బతుకుతుంది. ఉప్పు మళ్ళలో ఎర్రగా కనిపించే వాటికి ఈ విద్య ఎప్పటి నుంచో వచ్చు. సంస్థ చేసిందల్లా గూడల సంఖ్య పెంచి, ఆ పనిలో కొంత వాటా బొగ్గు బట్టలోకి, అక్కడి నుంచి తీగలోకి మళ్ళించడం. ఆ తీగలో కరెంటుతోనే షెడ్డులో యంత్రం ఉప్పు నీళ్ళని మంచినీళ్ళు చేస్తుంది. బట్టని వదిలి పోకుండా వాటికి కాస్త జిగురు కూడా ఇచ్చారు.

అవి మడి దాటి బతక్కుండా ఒక తాళం కూడా వేశారు. ప్రయోగశాలలో తయారయ్యే మేత ఒకటి ఉంది. ప్రతి సోమవారం ఒక లీటరు పోయాలి. అది లేకపోతే మూడు రోజుల్లో చస్తాయి. రెండు వందల సార్లు పరీక్షించారు, రెండు వందల సార్లూ చచ్చాయి.

ఆ పొద్దున ముల్లు లెక్క రాసుకుని సలోమి లేస్తుంటే అమ్మ కేకేసింది. దానమ్మ మోకాళ్ళ లోతు బురదలో, ఉప్పు లాగే కొయ్య పలక చేతబట్టుకుని, తన మడి వంకే చూస్తూ నిలబడి ఉంది. మార్చి రెండో వారం. ఈపాటికి నీళ్ళ మీద సన్నటి ఉప్పు పలుకులు తేలి, సాయంత్రానికి బరువెక్కి అడుక్కి దిగాలి. జనవరి చివర ఒక కుప్ప తీశారు. ఆ తర్వాత మడిలో ఉప్పు దిగలేదు. ఎండ మండిపోతున్నా నీళ్ళు తగ్గడం లేదు. పైగా రంగు మారింది. ఏటా తిరిగే ఇటుక ఎరుపు కాదు, కోసిన బీట్‌రూట్ రంగు.

సలోమి వంగి వేలితో తాకింది. నీళ్ళ మీద పొర ముడతలు పడి, కాచిన పాల మీద మీగడలా వేలికి చుట్టుకుంది.

"ఎప్పటి నుంచమ్మా?" అంది.

"నాలుగు రోజులైంది. నువ్వొస్తే చూపిద్దామని," అంది దానమ్మ. "మనదే కాదు. మీ పిన్నిదీ అంతే. మరియమ్మదీ అంతే."

సలోమి సంచిలోంచి సీసా తీసి ముంచింది.

*

గుంటూరులో సూక్ష్మదర్శిని కింద అనుమానానికి చోటు మిగల్లేదు. గూడలూ తమవే, జిగురూ తమదే. బొగ్గు బట్టకు అంటుకోవడానికి ఇచ్చిన జిగురు, బట్ట లేని చోట నీటి మీద పొరగా పరుచుకుంది. పొర కింది నీరు ఆవిరి కావడం లేదు. ఆవిరి కాని నీటిలో ఉప్పు దిగదు.

ప్రయోగానికి పెద్ద అయిన మృత్యుంజయశర్మ గారు ఉప్పు కొఠార్ల పటం గోడకు అంటించి, పొర కట్టిన మళ్ళకు రంగు పూశారు. ఆ ప్రోటీన్ మీద ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. మరో ఏడాదిలో పదవీ విరమణ. ముప్పై నాలుగింటిలో తొమ్మిది మళ్ళు ఊదారంగు తిరిగాయి. మూడు, తొమ్మిది, పది, పంతొమ్మిది, ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై ఏడు, ముప్పై, ముప్పై మూడు.

"గాలి మోస్తే ఒక వైపుకి మోయాలి. నీళ్ళు మోస్తే కాలవ వెంట పోవాలి. పక్షుల కాళ్ళకు అంటుకుందీ అంటే పదహారుకి ఆనుకుని ఉన్న పదిహేను, పదిహేడు ముందు పాడవాలి. అవి శుభ్రంగా ఉన్నాయి. పేకముక్కలు విసిరినట్టు ఈ పడటమేమిటి?" అన్నారు.

రెండు రోజులు అందరూ ఆ పటం ముందు నిలబడ్డారు. ఒకరు పడవల్ని అనుమానించారు, ఒకరు కుక్కల్ని. సలోమి వెనక బల్ల మీద కూర్చుని అంకెల్ని కాదు, మనుషుల్ని చూస్తోంది. మూడు అమ్మది. తొమ్మిది పిన్నిది. పది పిన్ని తోటికోడలిది. పంతొమ్మిది మరియమ్మది, అమ్మతో కలిసి పలక పట్టడం నేర్చుకున్న మనిషి. ఇరవై రెండు మరియమ్మ వియ్యపురాలిది. మరి అమ్మ మడిని ఆనుకునే ఉన్న నాలుగు ఎందుకు శుభ్రంగా ఉంది? అది సుగుణమ్మది గనక. అమ్మ క్రిస్మస్‌కి కొన్న కొత్త చీరని సుగుణమ్మ మేక నమిలిన నాటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

పటం మీద ఉన్నది గాలి దారి కాదు, నీళ్ళ దారి కాదు. కొఠారుపాలెంలో ఎవరి గడప ఎవరు తొక్కుతారో ఆ దారి. అది తెలిశాక సలోమికి మిగతాది కూడా తెలిసిపోయింది. రెండు రోజులు సెలవు కావాలని శర్మగారిని అడిగి, మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కింది.

*

జనవరి మొదట్లో మళ్ళు తొక్కి, గట్లు మెత్తి, కొత్త నీళ్ళు పెట్టాక కొఠారుపాలెం ఆడవాళ్ళు మడికి తోడు వేస్తారు. పాలకు వేసినట్టే. పోయినేటి ఎర్ర నీళ్ళు ఒక కుండలో దాచుకుంటారు. ఆ ఏడు ఎవరి మడి బాగా రంగు తిరిగితే వాళ్ళ నీళ్ళు ఒక చెంబు అడిగి తెచ్చి, పాత నీళ్ళలో కలిపి, రెండు గరిటెల గంజి పోసి, కుండకు గోనె చుట్టి, పొయ్యి పక్కన మూడు రోజులు ఉంచుతారు. నాలుగో రోజు మడిలో కుమ్మరిస్తారు. ఎర్ర నీళ్ళు ఎండని లాగుతాయని, ఉప్పు పది రోజులు ముందు దిగుతుందని వాళ్ళ లెక్క. ఆ లెక్క నిజమేనని సలోమి ఎప్పుడో పుస్తకాల్లో చదివింది. కానీ దాన్ని తాను చదివిన వాటిలో ఒకటిగా ఎన్నడూ అనుకోలేదు. అది వంటింట్లో అమ్మ చేసే పని, అంతే.

దానమ్మ వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. సలోమి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఈ యేడు తోడు యాడ నుంచి తెచ్చావమ్మా?"

"యాడ నుంచేంది, నీ మడిలోంచే. అంత రంగు తిరిగిన నీళ్ళు పక్కన పెట్టుకుని ఇంకొకళ్ళని అడగాలా? కంచె సందులోంచి ఒక చెంబు ముంచుకున్నా."

"నీ కుండలోంచి ఎవరెవరికి ఇచ్చావు?"

దానమ్మ చేప పక్కన పెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టింది. చెల్లెలికి, చెల్లెలి తోటికోడలికి, మరియమ్మకి. మరియమ్మ మరి ఇద్దరికి. ఆ ఇద్దరు ఇంకొందరికి. సలోమి నోట్లోనే అంకెలు అనుకుంది. తొమ్మిదీ సరిపోయాయి.

అప్పుడు దానమ్మకు అర్థమైంది. చేతులు కడుక్కోకుండానే లేచి నిలబడింది.

"అయితే ఇందరి మళ్ళు చెడగొట్టింది నేనా?" అంది.

"నువ్వు కాదమ్మా. నేను రాయలేదు."

"ఏం రాయలేదు?"

మడి తెరవక ముందు సంస్థ ఒక పత్రం నింపించిందనీ, ఈ జీవి మడి దాటిపోయే దారులన్నీ రాయమన్నారనీ, ఊరి మనిషివి గనక నువ్వే రాయాలని ఆ పని తనకే ఇచ్చారనీ సలోమి చెప్పింది. గాలి, వరద, కొంగలు, నక్కలు, పనివాళ్ళ కాళ్ళు, పలకలు, గంపలు అంటూ పదకొండు దారులు రాసింది. పదకొండింటికీ కాపలా పెట్టారు. పన్నెండోది రాయలేదు.

"నువ్వు తోడు వేస్తావని రాయలేదు," అంది.

దానమ్మ ఆశ్చర్యంగా చూసింది. "పిచ్చిదానా, అది రాసేదేంది? పెరుగు తోడు పెట్టామని ఎవురన్నా రాసుకుంటారా?"

"అందుకేనమ్మా రాయంది," అంది సలోమి.

పడక మంచం మీద కూర్చున్న ఇశ్రాయేలు అంతసేపూ వింటూనే ఉన్నాడు. ఈ మధ్య భుజం పడిపోయాక ఆయన గూడ వేయడం లేదు. ఈ సంగతి తెలిస్తే పిల్ల ఉద్యోగం ఉంటుందా అని ఒక్క మాట అడిగాడు. దానమ్మ మళ్ళీ కూర్చుని చేప అందుకుంది.

మర్నాడు సలోమి బండెక్కేటప్పుడు ఆమె ఒళ్ళో గోనె చుట్టిన రెండు కుండలు ఉన్నాయి.

*

ప్రయోగశాలలో ఆ కుండల్ని చూసి కుర్రపరిశోధకులు నవ్వారు. అన్నం వండుతున్నావా అక్కా అని అడిగారు. సలోమి కోపం తెచ్చుకోకుండా చేయబోయే పని వాళ్ళకు చెప్పింది. ఒక కుండలో పదహారో మడి నీళ్ళు మాత్రమే పోసింది. రెండో దానిలో అవే నీళ్ళకు సగానికి సగం, పొర కట్టని మడి నుంచి తెచ్చిన ఊరి ఎర్ర నీళ్ళు కలిపింది. రెండింటిలో రెండేసి గరిటెల గంజి. వాళ్ళమ్మ పొయ్యి పక్కన వేడి ఎంతుంటుందో ముందే కొలిచి తెచ్చుకుంది. అంతే వేడి ఉన్న పెట్టెలో మూడు రోజులు ఉంచింది. నాలుగో రోజు రెండింటి నుంచీ చుక్క తీసి, మేత లేని పళ్ళేలలో పూసింది.

ఆ బాక్టీరియా పెరగడానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ఆమె మామూలుగా వచ్చి, మామూలుగా వెళ్ళింది. అమ్మ ఫోన్ చేసి మడి ఇంకా అలాగే ఉందనీ, పిన్ని మాట్లాడటం మానేసిందనీ చెబితే విన్నది.

పదో రోజు శర్మగారిని పిలిచింది. మొదటి పళ్ళెం ఖాళీగా ఉంది. తాళం ఉన్నవి తాళం వేసినట్టే చచ్చాయి. రెండో పళ్ళెంలో నలభై ఒక్క ఊదా చుక్కలు ఉన్నాయి.

శర్మగారు పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి చూసి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఉప్పు నీళ్ళలో బతికే ఈ జాతికి ఒకదాన్నొకటి అంటుకున్నప్పుడు వారసత్వపు ముక్కలు ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఎడంగా ఉన్నప్పుడు అది అరుదు. వెచ్చని కుండలో, గంజి తాగి, మూడు రోజులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే అరుదు కాదు. సంస్థ జీవి చచ్చిపోయింది. దాని గూడలూ జిగురూ మాత్రం తాళం లేని ఊరి వాటి ఒంట్లోకి చేరాయి.

"తాళం గట్టిదేనమ్మా," అన్నారు కాసేపటికి. "ఊరి వాటితో వియ్యమందుతుందని ఎవరనుకున్నాం?"

కుండ విషయం అంతా అప్పుడు చెప్పింది సలోమి. పత్రం విషయం కూడా. ఆయన విని, తల ఊపి, ఈ పళ్ళెం సంగతి, మళ్ళు చెడటంపై వేసిన విచారణ కమిటీ వచ్చే వరకు ఇక్కడే ఉండనీ అన్నారు.

కమిటీ వచ్చే ముందు రోజు శర్మగారు రాసిన నివేదిక చిత్తుప్రతి ఆమె బల్ల మీదకు వచ్చింది. ఎనిమిది పేజీలు. అంతా సరిగానే ఉంది. ఆరో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగింది. 'స్థానిక కార్మికులు అనుమతి లేకుండా, కంచెని అతిక్రమించి, ప్రయోగ జలాన్ని తీసుకుపోవడమే ఇందుకు కారణం.' కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. కంచె ఉన్న మాట నిజం, చెంబు ముంచిన మాట నిజం. ఆ వాక్యం నిలిస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. తప్పు కార్మికులదైతే వాళ్ళ పంట నష్టం ఎవరూ భరించక్కర్లేదు. కంచె ఎత్తు పెంచి, ప్రయోగం ఒక ఏడు ఆపి మళ్ళీ మొదలుపెడతారు. ఆమె ఉద్యోగం, శర్మగారి ఇరవై రెండేళ్ళ పని, రెండూ నిలుస్తాయి. తప్పు పత్రానిదైతే రెండూ పోవచ్చు.

ఆ కాగితం పట్టుకుని వెళ్ళి, దీని మీద సంతకం చేయనని శర్మగారితో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మీ అమ్మ పేరు ఎక్కడా రాయలేదు గదమ్మా అన్నారు. అందుకు కాదు సార్ అంది. కాగితం ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మర్నాడు పది గంటలకు ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు నెరిసిన జుట్టావిడ, ప్రతి మాటా రాసుకునే రకం. శర్మగారు నివేదిక చదవడం మొదలుపెట్టారు. ఆరో పేజీ తిప్పుతుండగా సలోమి నిలబడింది. ఆ గదిలో అంతవరకు ఆమె గొంతు ఎవరూ విని ఉండరు.

"ఆ వాక్యం సరిపోదు మేడమ్," అంది. "అతిక్రమించి అంటే చేయకూడదని తెలిసి చేయడం. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మంచి మడి నీళ్ళు పక్క మడికి తోడు వేయడం అక్కడ ఏటా చేసే పని. మా అమ్మ చేస్తుంది, మా అమ్మమ్మ చేసింది. ఆ సంగతి ఈ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. దారులు రాయమంటే పదకొండు రాశాను, అది రాయలేదు. వంటింటి సంగతి, కళ్ళ ముందుది, అందుకే తట్టలేదు. తప్పు పత్రంలో ఉంది. పత్రం నాది."

అధ్యక్షురాలు రాయడం ఆపి శర్మగారి వైపు చూసింది. ఆయన జేబులోంచి కలం తీసి, ఆరో పేజీలో ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశారు.

"ఆ పత్రం కింద రెండో సంతకం నాది," అన్నారు. "ఊరి మనిషి రాసింది గదా అని నేను ఊరికి వెళ్ళి అడగలేదు. అదీ రాసుకోండి."

*

కమిటీ తీర్పు వారంలో వచ్చింది. పొర కట్టిన తొమ్మిది మళ్ళనూ, వాటి నుంచి ఆ ఏడు తీసిన ఉప్పునూ మంచినీటితో ముంచేయాలి. ఉప్పు పలుకుల్లో చిక్కుకుని కూడా ఆ జీవులు ఏళ్ళ తరబడి బతకగలవు. పదహారో మడినీ ముంచేయాలి. తాళం విడే దారి తెలిసిపోయాక దాన్ని ఉంచడానికి లేదు. ఏప్రిల్ చివర మళ్ళ నీళ్ళు ఏట్లోకి వదులుతారు. ఏరు మరో నాలుగు ఊళ్ళ కొఠార్ల మీదుగా సముద్రంలో కలుస్తుంది. అంతా ఆ లోపలే జరగాలి. తొమ్మిది కుటుంబాల ఏడాది నష్టం సంస్థదే. సలోమి ఉద్యోగం ఉంటుంది గానీ, రెండేళ్ళ పాటు బయట మళ్ళలో ఏ ప్రయోగానికీ ఆమె సంతకం చెల్లదు.

ఉప్పు నీళ్ళలో పుట్టిన ఆ జీవికి మంచినీళ్ళు విషం. లోపల ఉప్పు, బయట తీపి నీళ్ళు అయ్యేసరికి ఒళ్ళు ఉబ్బి చిట్లిపోతుంది. వేరే మందు అక్కర్లేదు. సాగు కాలవ చివరి పాయ నుంచి నాలుగు రోజులు నీళ్ళు వదలడానికి అధికారులు ఒప్పుకున్నారు. ఆ నీళ్ళు గలగలా ఊళ్ళోకి వస్తుంటే గట్టు మీద నిలబడి మరియమ్మ అంది, "తాగటానికి ఏళ్ళ తరబడి అడిగితే రాని నీళ్ళు, పురుగుల్ని చంపటానికి వచ్చినయ్యే." ఎవరికీ నవ్వు రాలేదు.

మొదటి మూడు రోజుల్లో తొమ్మిది మళ్ళూ ముంచారు. మొదట తన మడే ముంచాలని దానమ్మ పట్టుబట్టింది. జనవరిలో తీసిన కుప్ప తాటాకులు కప్పి గట్టు మీద ఉంది. దాన్ని గంపలతో మోసి మళ్ళీ మడిలోనే పోయాలి. తల్లీ కూతుళ్ళు మోస్తుంటే, పక్క మడి నుంచి సుగుణమ్మ గట్టు దిగి వచ్చింది. ఒక గంప తీసుకుని వాళ్ళ వెనక నడిచింది. మధ్యాహ్నానికి కుప్ప ఉన్న చోట తడి మచ్చ మిగిలింది. మడిలో నీళ్ళు నురగలెత్తి, ఊదారంగు కడిగిన బట్టలా వెలిసిపోయి, సాయంత్రానికి మామూలు బురద నీళ్ళయ్యాయి. మేక సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

నాలుగో రోజు పదహారు మిగిలింది.

పొద్దెక్కేసరికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ కంచె దగ్గర చేరారు. షెడ్డులో యంత్రం నడుస్తూనే ఉంది. బిందెలు నిండుతూనే ఉన్నాయి. తమ మళ్ళు ముంచడానికి అడ్డు చెప్పని వాళ్ళు ఈ మడి దగ్గరికి వచ్చేసరికి అడ్డం నిలబడ్డారు. తోడు వేయమని ప్రమాణం చేస్తామన్నారు. కంచె ఎత్తు పెంచమన్నారు. వంతుల వారీగా కాపలా ఉంటామన్నారు. ఇన్నాళ్ళూ బుజ్జగించి నీళ్ళు అలవాటు చేసి ఇప్పుడు లాక్కుంటే ఎట్టా అని సుగుణమ్మ అడిగింది. శర్మగారు కారు దిగి ఒక పక్కన నిలబడ్డారు గానీ, ఆ ప్రశ్న ఆయనను అడగలేదు. అందరూ సలోమినే చూస్తున్నారు.

సలోమి, కాలవ నీళ్ళని మడిలోకి రాకుండా ఆపిన తూము మీద కూర్చుంది. ఎంత కాపలా కాసినా ఒక్క చుక్క చాలని చెప్పింది. ఒక కొంగ, ఒక గాలివాన, ఒక తడి కాలు. అది ఊరి నీళ్ళలో కలిస్తే ముప్పై నాలుగు మళ్ళూ పోతాయి. ఏరు దాటితే కింద ఊళ్ళవీ పోతాయి. వాళ్ళకు మనలా కొన్నాళ్ళు మంచినీళ్ళయినా దక్కలేదు. ఉంచొచ్చనుకుంటే ఉంచమని కమిటీని బతిమాలేదాన్నే అంది. బతిమాలలేదు అంది.

ఒకామె కొంగుతో మొహం తుడుచుకుంది. వెనక నుంచి మరొకామె, మళ్ళీ ట్యాంకరే గదా మన మొహాన అంది.

ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది సలోమి. ఆ గూడలు పనిచేయడానికి జీవి బతికి ఉండక్కర్లేదట. పొరని ఒలిచి, బట్టకు అద్ది, ఎండలో పెడితే అప్పుడూ ప్రోటాన్లను ఎత్తిపోస్తాయి. గుంటూరులో అరచేతి వెడల్పు ముక్క చేసి చూసింది. ముల్లు కొద్దిగా లేచింది. ప్రాణం లేనిది గనక పిల్లలు పెట్టదు, ఎవరితోనూ వియ్యమందదు, ఎవరు ఎన్ని చెంబులు ముంచినా మడి చెడదు. అయితే ఎన్నాళ్ళు మన్నుతుందో, బిందె నింపేంత పెద్దది చేయడం అవుతుందో లేదో ఇంకా తెలియదు.

"గూడ ఉంటది గానీ వేసే మనిషి ఉండడన్న మాట," అన్నాడు ఇశ్రాయేలు, భుజం పట్టుకుని.

"అంతే నాయనా."

దానమ్మ గట్టు ఎక్కి కూతురి ముందుకు వచ్చి నిలబడింది. ఆమె పాదాలకు తన మడి బురద ఇంకా ఎండలేదు.

"నువ్వు చేయగలవా అది?" అంది.

"చేయగలను."

"ఎన్నాళ్ళు పట్టిద్ది?"

"రెండేళ్ళు."

దానమ్మ వెనక్కి తిరిగి అందరి మొహాలూ ఒక చుట్టు చూసింది. మరియమ్మని చూసింది, చెల్లెల్ని చూసింది, చివరికి సుగుణమ్మని చూసింది. సుగుణమ్మ నిండిన బిందెని చంకనెత్తుకుని, కాస్త ఆగి, కంచె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"మేం మూడేళ్ళనుకుంటాం," అంది దానమ్మ కూతురితో. "తూము ఎత్తు."

సలోమి లేచి, రెండు చేతులా తూము పలక పట్టుకుని పైకి లాగింది.